ఐదో పేజీ

"నీకెలాగూ ఖాళీయే కదా, ఇవి కాస్త చూసి పెట్టు" అని రామకృష్ణారావు మూడు కేటలాగులు డైనింగ్ టేబుల్ మీద పడేసి సాక్సులు తొడుక్కోవడం మొదలుపెట్టాడు. అప్పటికి అరుంధతి కిటికీ మేకు నుంచి బీరువా పిడి దాకా కట్టిన నైలాన్ తాడు మీద ఆయన డ్యూటీ ప్యాంట్లను మూడోసారి తిరగేస్తోంది. పొయ్యి మీద కుక్కరు రెండో విజిల్ వేసింది. బాత్రూంలో కూతురు మనీషా యూనిఫారం బకెట్లో నానుతోంది. ఇన్ని పనుల మధ్య నిలబడ్డ మనిషిని పట్టుకుని ఖాళీ అనడానికి ఎంత గుండెధైర్యం కావాలో గానీ, ఆయన ఆ మాట చాలా మామూలుగా అన్నాడు. ఆమె కూడా మామూలుగానే "సరే" అంది. పదకొండేళ్ళ కాపురంలో ఆ ఒక్క మాట ఎన్ని వేల సార్లు అందో ఆమెకే తెలియదు.

ఎండకు ఏ లోటూ లేని ఖతర్ దేశంలో బట్టలు ఆరబెట్టుకోవడానికి మిషనేమిటని ఎవరికైనా నవ్వొస్తుంది. అక్కడున్న ఆడవాళ్ళకు మాత్రం నవ్వు రాలేదు. అబూ హమూర్ దాటాక ఎడారిలో కంపెనీ వేసిన ఫ్యామిలీ క్యాంప్ అది. ఫ్యాక్టరీలో తయారుచేసి, ట్రైలర్ల మీద తెచ్చి, సిమెంటు దిమ్మల మీద నిలబెట్టిన పన్నెండు పోర్టాకాబిన్లు, అందులో పన్నెండు సంసారాలు. ఒక పక్క కాంక్రీటు కలిపే ప్లాంటు ఉంది, తెల్లచీర ఆరేస్తే గంటలో బూడిదరంగు తిరిగేది. రెండో పక్క క్లయింటు కార్లు వెళ్ళే రోడ్డు ఉంది. పెద్ద పెద్ద వాళ్ళు కార్లలో పోతూ మన లంగాలూ లుంగీలూ చూస్తే కంపెనీ పరువు పోతుందట, అందుకని బయట తాళ్ళు కట్టరాదని సర్క్యులర్ పంపారు. ఆ పరువు కోసం పన్నెండు ఇళ్ళలోనూ తడిబట్టలు నడినెత్తిన వేలాడేవి. ఏసీ చల్లదనానికి అవి ఒక పట్టాన ఆరేవి కావు. గోడల మూలలు నల్లగా బూజు పట్టేవి. మనీషాకు రెండేళ్ళుగా దగ్గు వదలడం లేదు, ఆ చెమ్మే కారణమని డాక్టరు తేల్చి చెప్పాడు.

ఆడవాళ్ళంతా మూడుసార్లు ఆఫీసు చుట్టూ తిరిగాక 1996 జనవరిలో కంపెనీ దిగివచ్చింది. ఇంటికో డ్రయ్యర్ ఇస్తామంది. కరెంటుతో నడిచేది ఒకటి తెచ్చి పెట్టి చూస్తే, స్విచ్చి వేయగానే క్యాంప్ జనరేటర్ మీద భారం పడి బ్రేకర్లు టపటపా పడిపోయాయి. వంటకు ప్రొపేన్ సిలిండర్లు ఎలాగూ వస్తున్నాయి కనుక, గ్యాసుతో నడిచే డ్రయ్యర్లలో మంచిది ఏదో, తక్కువ గ్యాసు తాగేది ఏదో చూసి రిపోర్టు రాయమని మెయింటెనెన్స్ ఇంజనీరు రామకృష్ణారావుకు అప్పగించారు. ఆయన దాన్ని తెచ్చి భార్య ముందు పడేశాడు. అలా వచ్చిందా పని.

అరుంధతి వాల్తేరులో ఫిజిక్స్ ఎమ్మెస్సీ చదివింది. కాకినాడలో ఆడపిల్లల కాలేజీలో నాలుగేళ్ళు పాఠాలు చెప్పింది. వేడి ఎలా పుడుతుందో, ఎక్కడికి పోతుందో, ఎంత వృథా అవుతుందో చెబుతుంటే పిల్లలు గంట కొట్టినా కదిలేవారు కారు. "వాడికి అక్కడ తిండీ తిప్పలూ ఎవరు చూస్తారమ్మా? నీ చదువు మన ఇంటికి అందం, అంతకన్నా ఎందుకు?" అని అత్తగారు అంది. "అక్కడికెళ్ళాక నీకూ ఏదో ఒకటి చూద్దాంలే" అని ఆయన అన్నాడు. ఐదేళ్ళయింది, ఆ ఏదో ఒకటి కంటపడలేదు. రెసిడెన్స్ పర్మిట్‌లో వృత్తి అన్న చోట గృహిణి అని అరబిక్‌లో రాసి ఉందని ఎవరి చేతనో చదివించి ఆయనే నవ్వుతూ చెప్పాడు.

కేటలాగులు తెరిచిన రోజు ఆమెకు ఏడుపొచ్చింది. బాధతో వచ్చింది కాదు. అంకెలు, బొమ్మలు, గ్రాఫులు కనబడగానే తన వాళ్ళెవరో తలుపు తట్టినట్టయింది. మర్నాడే మెస్ స్టోరుకు పోయి ఉల్లిపాయలు తూచే కాటా అరువు తెచ్చింది. పొడి తువ్వాళ్ళు తూచింది, తడిపి పిండి తూచింది, వాషింగ్ మిషన్లో స్పిన్ తిప్పి మళ్ళీ తూచింది. స్పిన్ బాగా తిరిగితే డ్రయ్యర్‌కు సగం పని తప్పుతుందని తేల్చుకుని, అదే మొదటి పేజీలో రాసింది. డీజిల్ మండించి కరెంటు పుట్టించి, ఆ కరెంటుతో మళ్ళీ వేడి పుట్టించే కన్నా గ్యాసునే నేరుగా మండించడం ఎంత మేలో రెండో పేజీలో లెక్కకట్టింది. మూడు మిషన్లలో ఒకదానికి చిన్నమంట ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, బట్టలున్నా లేకపోయినా గ్యాసు తాగుతుంది. రెండోది గడియారం పెట్టి తిప్పేది, బట్టలు ఆరిపోయినా టైము అయ్యేదాకా తిరుగుతూనే ఉంటుంది. మూడోది బట్టల్లో తడిని తనే కనిపెట్టి ఆగిపోతుంది, నిప్పురవ్వతో వెలుగుతుంది, ఇక్కడి కరెంటుకు సరిపోయే మోటారుతో దొరుకుతుంది. దాన్నే ఎంచింది. అది పైపుల్లో వచ్చే గ్యాసుకు అమర్చి పంపుతారనీ, ప్రొపేన్‌కు వాడాలంటే లోపల గ్యాసు చిమ్మే జెట్ మార్చి సన్నరంధ్రం ఉన్నది వేయాలనీ నాలుగో పేజీలో బొమ్మ గీసి చూపించింది.

ఐదో పేజీ రాయడానికి రెండు రోజులు పట్టింది. గ్యాసు మండాక వచ్చే గాలి ఇంట్లో ఉండకూడదు. క్యాబిన్ గోడకు నాలుగంగుళాల చిల్లు పెట్టి రేకుగొట్టంతో దాన్ని బయటికి పంపాలి. చల్లదనం పోకుండా మనం సందులన్నీ టేపు అంటించి మూసుకుంటాం గనుక, తాజాగాలి కోసం కింద ఇంకో జాలీ పెట్టాలి. ఇదంతా బొమ్మతో సహా వివరంగా రాసి, ఈ రెండూ లేకుండా మిషను వెలిగించరాదు అన్న వాక్యం కింద రెండు గీతలు గీసింది. ఆరు, ఏడు పేజీల్లో శుభ్రం చేసే పద్ధతి, ఏడాదికోసారి చూడవలసినవి రాసింది.

ఆ పదకొండు రోజులూ ఆమె సంతోషంగా ఉంది. ఆ మాట ఇంకోలా చెప్పక్కర్లేదు. పొద్దున్నే నాలుగున్నరకు లేచి వంట ముగించేది, మధ్యాహ్నం కునుకు మానేసింది. ఒకనాడు పప్పులో ఉప్పు మరిచిపోతే "ఏమిటోయ్, సైంటిస్టువైపోయావా?" అని ఆయన కంచం పక్కకు జరిపాడు. అది కూడా ఆమెకు పొగడ్తలాగే వినిపించింది. టైపు చేస్తూ చివరి పేజీ అడుగున, తయారుచేసినవారు అన్న చోట ఒక్క క్షణం ఆగింది. ఇద్దరి పేర్లూ వెయ్యి అంటాడేమోనని ఆయన వంక చూసింది. ఆయన టీవీ చూస్తున్నాడు. రామకృష్ణారావు అని తనే టైపు చేసింది. ఆయన వచ్చి సంతకం పెట్టి "భలే చేశావోయ్" అని భుజం తట్టాడు. మొగుడూ పెళ్ళాల మధ్య నీదీ నాదీ ఏముందిలే అనుకుంది. ఆడవాళ్ళు ఈ మాట అనుకోవడంలో చాలా ఉదారులు.

నెల తిరక్కుండా వెస్ట్ బే హోటల్లో కంపెనీ డిన్నర్ జరిగింది. మేనేజరు రామకృష్ణారావును పేరు పెట్టి పిలిచి, అంత చక్కని రిపోర్టు తన సర్వీసులో చూడలేదని చేయి కలిపాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ప్లేటు పట్టుకుని పక్కనే నిలబడ్డ అరుంధతి కూడా కొట్టింది. అడ్మిన్ ఆఫీసరు ఖుత్బుద్దీన్ హైదరాబాదు మనిషి, మాటకారి. "రావు సాబ్, కమాల్ చేసిన్రు! ఎట్ల రాసిన్రు సాబ్ అంత బారీక్‌గా, ఒక్క ముక్క ఇడువకుండ?" అన్నాడు. "ఏముందండీ, పది రోజులు నిద్ర మానుకుని కూర్చున్నాను" అన్నాడు రామకృష్ణారావు. ఆ వెంటనే భార్య పక్కనే ఉందన్న సంగతి గుర్తొచ్చినట్టుంది, "మా ఆవిడ టైపు చేసి పెట్టింది. టైపింగ్ భలే నీటుగా చేస్తుంది" అన్నాడు. అందరూ ఆమె వైపు తిరిగి టైపింగును మెచ్చుకున్నారు. కారులో ఇంటికొస్తూ ఆయన ఎంతో ప్రేమగా "చూశావా, నీ గురించి కూడా చెప్పాను" అన్నాడు.

మొదటి మిషను ఎవరింట్లో పెట్టాలన్న మాట వచ్చినప్పుడు ఖమర్ సుల్తానా ఇంట్లో పెట్టించమని అరుంధతే చెప్పింది. ఖమర్ ఎదురు క్యాబిన్‌లో ఉండే అకౌంటెంటు భార్య, పాతికేళ్ళుండవు, నిజామాబాదు పిల్ల. మూడు నెలల చంటిబిడ్డతో గుడ్డలు ఉతకలేక, ఆరబెట్టలేక నానా అవస్థా పడుతోంది. అరుంధతిని అక్కా అన్నట్టు ఆపా ఆపా అంటూ వెనకే తిరిగేది. మిషను బిగించిన వారం మనీషాకు జ్వరం రావడంతో అరుంధతి గడప దాటలేదు. దాటి ఉంటే బాగుండేదని ఆ తరువాత ఎన్నిసార్లు అనుకుందో.

గురువారం పొద్దున్న పదింటికి అరుపులు వినబడ్డాయి. హన్మాండ్లు అరుస్తున్నాడు. మిషను బిగించింది అతనే, ఫిట్టర్ హెల్పరు, జగిత్యాల దగ్గరి మనిషి. పక్క క్యాబిన్‌లో నీళ్ళ పైపు బాగుచేస్తుంటే బిడ్డ ఏడుపు వినబడిందట. ఎంతసేపటికీ ఆగకపోయేసరికి తలుపు బాదాడు, పలకకపోతే భుజంతో గుద్ది పగలగొట్టాడు. అరుంధతి పరుగెత్తేసరికి ఖమర్‌ను మెట్ల మీద పడుకోబెట్టాడు. ఆమె కళ్ళు తేలేసి వాంతి చేసుకుంటోంది. తలుపు మూసిన లోపలి గదిలో ఉన్నందుకు బిడ్డకు ఏమీ కాలేదు. అరుంధతి ఊపిరి బిగబట్టి లోపలికి పోయి సిలిండర్ కట్టేసింది, కిటికీలు తోసి తెరిచింది. మిషను వెనకాల గోడ చెక్కుచెదరకుండా ఉంది. మడతల గొట్టం నీలంరంగు బకెట్లోకి దిగి ఉంది, బకెట్లో సగం నీళ్ళున్నాయి. కరెంటు డ్రయ్యర్లకు అలా చేస్తారు, బట్టల నుంచి లేచే పీచు నీళ్ళలో పడిపోతుందని. గ్యాసు మిషనుకు అలా చేస్తే మంట నుంచి వచ్చే విషమంతా గదిలోనే ఉండిపోతుంది. నీళ్ళు దాన్ని ఆపవు. ఆ విషానికి వాసన ఉండదు, రంగు ఉండదు, మనిషికి నిద్ర వచ్చినట్టే ఉంటుంది. ఇదంతా ఐదో పేజీలో ఉంది.

ఖమర్ బతికింది. హాస్పిటల్లో మూడు రోజులుంచుకుని పంపారు. ప్రమాదం జరిగిన మర్నాడు శుక్రవారం, సెలవురోజైనా, రామకృష్ణారావు ఆఫీసులో మీటింగుంటే వెళ్ళాడు. అప్పుడు హన్మాండ్లు అరుంధతి గుమ్మం ముందుకొచ్చి, చెప్పులు మెట్ల కింద విడిచి నిలబడ్డాడు.

"అమ్మా, నాకు ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపుతున్రట. తప్పు నాదేనట. పైపు సక్కగ పెట్టలేదట" అన్నాడు. "నాకు ఇంగ్లీషు రాదమ్మా, బొమ్మలు జూసి పని జేస్త. ఈ కాయితాలల్ల గోడకు బొక్క పెట్టుమని ఏడ లేదు. నేను అడిగిన గూడ. సార్, ఈ గాలి బైటికి పోవాలె గద అన్న. గోడ ముట్టకు హన్మాండ్లూ, బకెట్ల ఇడువు అన్నడు సార్."

అతను చేతికిచ్చిన కాగితాలు ఆమె టైపు చేసినవే. ఒకటి, రెండు, మూడు, నాలుగు సరిగ్గానే ఉన్నాయి. ఐదు అని అంకె వేసిన దాంట్లో మిషను శుభ్రం చేసే పద్ధతి ఉంది. వెలుగుకు పట్టుకుని చూస్తే తప్పులు దిద్దే తెల్లరంగు కింద ఆరు అంకె కనిపించింది. ఏడును కూడా అలాగే ఆరు చేశారు. అరుంధతి గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"మీరన్న సార్‌కు జెప్పుండ్రి అమ్మా. మీరు జెప్తె ఇంటడు" అన్నాడు హన్మాండ్లు. ఆమె కాగితాలు అతనికి తిరిగి ఇచ్చింది. "కాగితాలు జాగ్రత్తగా పెట్టుకో" అని మాత్రం అంది.

భోజనాల దగ్గర అడిగింది. ఆయన అబద్ధమాడలేదు, అది ఒప్పుకోవాలి. "అవి అద్దె క్యాబిన్లు అరుంధతీ. గోడ కోస్తామంటే వాటి ఓనరు ఒప్పుకోడు. ఆ పేజీ అలాగే ఉంచితే మొత్తం ఫైలే ఆగిపోయేది. నీ కష్టమంతా చెత్తబుట్టలోకి పోయేది. నీ పని బయటికి రావాలనే తీశాను" అన్నాడు.

"వెలిగించరాదని కింద గీతలు కూడా గీశాను కదండీ."

"బకెట్టు చాలనుకున్నాను. అందరూ పెడతారుగా."

"అది కరెంటువాటికి. ఇది గ్యాసు."

"తెలుసులే, ఇప్పుడు క్లాసు పీకకు. మజ్జిగ పొయ్యి."

ఆమె మజ్జిగ పోసింది. పోస్తూ "హన్మాండ్లుని పంపించేస్తారట" అంది. "చూద్దాంలే" అన్నాడాయన.

చూశాడు. మంగళవారం మధ్యాహ్నం ఈల వేసుకుంటూ వచ్చాడు. "హన్మాండ్లు ఎక్కడికీ పోవడం లేదు. నీ పోరు పడలేక సర్దేశాను, సరేనా?" అన్నాడు. అరుంధతికి ప్రాణం లేచొచ్చింది. ఆయన తప్పు ఒప్పుకున్నాడనుకుంది. పాపం ఎంత నలిగిపోయి ఉంటాడో అనుకుంది. ఫ్రిజ్ తెరిచి లేత వంకాయలు తీసి గుత్తివంకాయ కూరకు కారం దంచింది. వేడివేడి అన్నంలో కూర కలుపుకుంటూ ఆయన "ఆ రిపోర్టు తయారుచేసింది మా ఆవిడేనని చెప్పేశాను" అన్నాడు.

ఒక్క క్షణం. ఆ ఒక్క క్షణం ఆమె గుండె పొంగింది. చెప్పాడు, నలుగురిలోనూ చెప్పాడు, తయారుచేసింది ఆవిడేనని. ఐదేళ్ళుగా ఎవరి నోటా వినని మాట. ఆ సంతోషమే ఆ తరువాత ఆమెను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టింది. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని ఆయన మిగతాది చెప్పాడు.

"మా ఆవిడ హౌస్‌వైఫ్, ఏదో చదువుకున్నానన్న సరదాకొద్దీ రాసింది, నేను పని ఒత్తిడిలో నమ్మి సంతకం పెట్టాను, గొట్టం సంగతి ఆవిడకు తట్టలేదు అన్నాను. చూడకుండా సంతకం పెట్టినందుకు నాకో వార్నింగ్ లెటర్, అంతే. హన్మాండ్లు సేఫ్. నా ఉద్యోగం సేఫ్. నువ్వు ఉద్యోగస్తురాలివే కాదాయె, కంపెనీ నిన్నేం చేస్తుంది? ఎల్లుండి ఆఫీసుకొచ్చి ఒక కాగితం మీద సంతకం పెట్టాలి, రెండు నిమిషాల పని." ఇంత చక్కగా ముడి విప్పినందుకు ఆమె మెచ్చుకుంటుందని ఆయన ఎదురుచూసినట్టుంది. "కూర అదిరింది" అని తనే మెచ్చుకున్నాడు.

ఆ మధ్యాహ్నమంతా అరుంధతి గిన్నెలు కడుగుతూనే ఉంది, కడిగినవే మళ్ళీ కడిగింది. నన్నేం చేస్తుంది కంపెనీ? నిజమే, ఏమీ చేయదు. జీతం ఆపడానికి జీతం లేదు. తీసేయడానికి కుర్చీ లేదు. ఈ దేశం వచ్చిన నాటి నుంచీ తను ఏ పుస్తకంలోనూ లేని మనిషి. ఇంట్లో ఎంత చేసినా చేసినట్టు కానందువల్లే, ఎవరికీ అక్కర్లేని తప్పును తెచ్చి తన దగ్గర పడేయడం ఇంత సులువైంది. చేసిన పనికి నేను లేను. చేయని తప్పుకు ఉన్నాను. ఆయన కొట్టలేదు, తిట్టలేదు, తాగిరాలేదు. అమ్మకు ఉత్తరం రాస్తే "ఇంతోటిదానికి రాద్ధాంతమేమిటే, మొగుడి ఉద్యోగం నిలబడిందిగా" అంటుంది. పేజీ తీసినప్పుడు తనను అడగలేదు, సరే. పేరు వేయలేదు, సరే. కానీ తను ఆ పేజీ రాయడం తెలిసిన మనిషని లోకంలో ఆయనకొక్కడికే తెలుసు. అది తెలిసీ, తనను ఏమీ తెలియనిదాన్ని చేశాడు. ఆమెకు ఆయన మీద కోపం కన్నా అసహ్యం వేసింది, ఆ అసహ్యానికి ఏడుపొచ్చింది. పదకొండేళ్ళు పక్కన పడుకున్న మనిషి మరి.

అప్పటికీ సంతకం పెట్టేసేదేమో. హన్మాండ్లు ఉంటాడు, మనీషా బడి మారక్కర్లేదు, ఒక్క సంతకంతో ఇల్లు నిలబడుతుంది. ఇల్లు నిలబెట్టడం ఆమెకు అలవాటైన పనే. బుధవారం పొద్దున్న ఖమర్‌కు చారూ అన్నం తీసుకుని వెళ్ళింది. తలుపు తీసిన ఖమర్ ఆపా అని నవ్వలేదు. బిడ్డను భుజానికి హత్తుకుని అరడుగు వెనక్కి వేసింది. ఆ అరడుగు అరుంధతి చూసింది.

"ఆ కాయితాలు మీరే రాసిన్రంట గదా ఆపా? మీ సార్ వచ్చి మా ఆయనకు చెప్పిపోయిండు" అంది ఖమర్. గొంతులో కోపం లేదు, భయం ఉంది. "మీకు తెల్వదని చెప్తె నేను ఆ మిషను పెట్టుకుంటుంటినా? మీరు పెద్ద సదువు సదివిన్రని, మీరు చెప్పిన్రని పెట్టుకున్న. నా బిడ్డ లోపల అర్రల పడుకోబట్టి బతికింది." చారు గిన్నె తీసుకోలేదు. "డాక్టరు ఏమీ తినొద్దన్నడు" అని నెమ్మదిగా తలుపు దగ్గరికి వేసింది.

అరుంధతి గిన్నె పట్టుకుని రెండు క్యాబిన్ల మధ్య ఎండలో నిలబడిపోయింది. కంపెనీ నిన్నేం చేస్తుంది అన్నాడు కదా, తనకేం పోతుందో ఇప్పుడు తెలిసింది. ఇక ఈ పిల్ల తనను ఎప్పుడు చూసినా బిడ్డను అలాగే హత్తుకుంటుంది. పన్నెండు ఇళ్ళ ఆడవాళ్ళూ, చదువుకుని ఒక ఆడమనిషి ఏదో చెప్పబోతే, అరుంధతిని గుర్తుచేసుకుంటారు. తనకు తెలిసిన ఒకే ఒక్క విద్య మీద తన చేత్తోనే తెలియదని రాసివ్వాలి. ఆ తరువాత మనీషాకు లెక్క చెప్పడానికైనా నోరు ఎలా లేస్తుంది?

ఆ సాయంత్రం ఆమె ఆయనతో "ఆ పేజీ తీసింది మీరేనని మీరే వాళ్ళకు చెప్పండి. ఇంకొక్కసారి అడుగుతున్నాను" అంది. ఆయన పేపరు దించి ఆమెను చూశాడు. "చెబితే ఏమవుతుందో తెలుసా? ముగ్గురం సామాన్లు సర్దుకోవాలి. మనీషా బడి మధ్యలో పోతుంది. ఇక్కడ మనం ఉండేదే నా వీసా మీద. నీ పేరు కోసం ఇల్లు తగలబెడతానంటావా?" అన్నాడు. ఆమె లేచి మనీషా పుస్తకాల సంచి సర్దసాగింది. ఒప్పుకుందనుకుని ఆయన మళ్ళీ పేపరు ఎత్తాడు.

గురువారం పొద్దున్న ఆఫీసులో నాలుగు కుర్చీలు వేశారు. సేఫ్టీ ఆఫీసరు ఇంగ్లీషువాడు, నెరిసిన మనిషి, దోహా నుంచి ఈ పని మీదే వచ్చాడు. అతని పక్కన ఖుత్బుద్దీన్ ఫైలు పట్టుకుని కూర్చున్నాడు. రామకృష్ణారావు భార్యకు కుర్చీ లాగి వేశాడు. ఖుత్బుద్దీన్ ఇబ్బందిపడుతూ ఒక కాగితం ఆమె ముందుకు జరిపి "చదువుకోండి భాభీ, ఏం ఫికర్ లేదు, ఉత్త ఫార్మాలిటీ" అన్నాడు. ఇంగ్లీషులో టైపు చేసి ఉంది. నేను గృహిణిని. నాకు సాంకేతిక విషయాలు తెలియవు. భర్తకు సాయపడాలన్న ఉత్సాహంతో కేటలాగులు చూసి రాశాను. మండిన గాలి బయటికి పంపాలన్న సంగతి నాకు తెలియలేదు. జరిగినదానికి చింతిస్తున్నాను. ఇంట్లో ఉన్న టైపు మిషను మీదే చేశాడు, తను మనీషాను బడి బస్సు ఎక్కించడానికి వెళ్ళినప్పుడు కాబోలు. నాలుగు స్పెల్లింగు తప్పులున్నాయి.

ఆమె రెండుసార్లు చదివింది. తను రాసినదాని కింద ఆయన సంతకం చేశాడు, ఇప్పుడు ఆయన రాసినదాని కింద తను చేయాలి. రామకృష్ణారావు జేబులోంచి పెన్ను తీసి, మూత కూడా తీసి అందించాడు. ఇంట్లో ఏనాడూ ఎవరికీ మంచినీళ్ళ గ్లాసైనా అందించని మనిషి.

అరుంధతి పెన్ను తీసుకోలేదు. భయం వేసింది ఆమెకు. ఈ గది దాటాక ఏమవుతుందో ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు. సామాన్లు సర్దుకోవాలి, బడి మారాలి, కాకినాడలో మళ్ళీ ఏ కాలేజీ గుమ్మం ఎక్కాలో, ఎక్కనిస్తారో లేదో. అత్తగారి ముఖం కళ్ళ ముందు కదిలింది. అవన్నీ చూసుకుంటూనే కాగితాన్ని నెమ్మదిగా ఆయన ముందుకు జరిపింది.

"అరుంధతీ" అన్నాడాయన తెలుగులో, చిన్న గొంతుతో. "మనీషా గురించి ఆలోచించు."

"ఆలోచించే" అందామె.

ఆ తరువాత సేఫ్టీ ఆఫీసరు వైపు తిరిగి, క్లాసులో పిల్లలకు చెప్పినట్టు, తొందర లేకుండా, ఇంగ్లీషులో చెప్పింది.

"ఆ రిపోర్టు నేనే రాశాను. నేను రాసినవి ఏడు పేజీలు. మా ఆయన మీకు ఇచ్చినవి ఆరు."